గంట విలువ కట్టుకోవడం: పియానో టెక్నీషియన్ రేటు, రుసుము

(సికింద్రాబాద్‌లో పియానో పని నేర్చుకుంటున్న యువ టెక్నీషియన్ల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

ఈ రెండు రోజులుగా మీరు తెగిన తీగ మార్చారు, తీగలను కొట్టే హ్యామర్ల మీద గట్టిపడిన ఫెల్టును చెక్కారు, మీటల లోతు సరిచేశారు. ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయానికి పనిముట్లు అక్కర్లేదు, కాగితం, పెన్సిలు చాలు. మన పనికి ఎంత తీసుకోవాలి, ఆ అంకె ఎక్కడి నుంచి రావాలి అన్నదే ఆ విషయం. నేను చూసినంతలో, చెవి కుదరక ఈ వృత్తి మానుకున్నవారి కంటే లెక్క కుదరక మానుకున్నవారే ఎక్కువ. వారిలో ఇద్దరు నాకంటే మంచి ట్యూనర్లు. అందుకే ఈ మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుని వచ్చాను.

మనలో చాలామంది రేటు ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. నేర్పిన గురువుగారు ఎంత తీసుకునేవారో దానికి వంద తగ్గించి మొదలుపెడతాం, లేదా ఊళ్లో మరొకరు ఎంత తీసుకుంటున్నారో వాకబు చేసి అంతే చెబుతాం, అదీ తెలియకపోతే ఇంటి ముందు కారును చూసి, హాల్లో సోఫాను చూసి, అప్పటికప్పుడు నోటికి వచ్చిన అంకె చెప్పేస్తాం. ఈ మూడింటిలో ఏదీ మన ఇంటి అద్దె ఎంతో, మన పెట్రోలు ఖర్చు ఎంతో ఎరగదు. నగలు చేయించుకునేవారికి బంగారం ధర వేరు, మజూరీ వేరు అని తెలుసు కాబట్టి కంసాలి మజూరీ అడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. ట్యూనింగులో, అంటే తీగల శ్రుతి సరిచేయడంలో, అసలు వస్తువే చేతులు మారదు. మనం వచ్చేటప్పుడు ఉన్న పియానోయే మనం వెళ్లేటప్పుడూ ఉంటుంది, వాద్యంలోకి కొత్తగా చేరినది ఏదీ కంటికి కనిపించదు. మొత్తం మజూరీయే అయిన పనిలో మజూరీ లెక్క తెలియకపోతే ఇక మన దగ్గర మిగిలేది ఏమీ లేదు.

నేను మొదట్లో చేసిన లెక్క ఎలా ఉండేదో నేటి అంకెల్లో చెబుతాను. నెలకు ఇంటికి అరవై వేలు కావాలి. నెలలో ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తాను, అంటే 208 గంటలు. భాగిస్తే గంటకు 288 రూపాయలు వస్తుంది, ఉజ్జాయింపుగా మూడు వందలు. ట్యూనింగుకు రెండు గంటలు కాబట్టి ఆరు వందలు. చూడటానికి ఇందులో తప్పు కనిపించదు. తప్పంతా ఆ 208లోనే ఉంది. ఎందుకంటే పనిచేసే గంటలు వేరు, డబ్బు వచ్చే గంటలు వేరు. అల్వాల్ నుంచి గచ్చిబౌలికి వెళ్లి, ఒక పియానో ట్యూన్ చేసి తిరిగి వచ్చేసరికి ఒక పూట గడిచిపోతుంది. అందులో డబ్బు వచ్చేది రెండు గంటలకే. ఫోనులో సమయం కుదుర్చుకోవడం, తీగలు తెప్పించడం, ఇంటి దగ్గర హ్యామర్ షాంకులు, అంటే హ్యామర్ల పుల్లలు, అతికించి ఆరబెట్టడం, బిల్లు రాయడం, కస్టమరు ఇంట్లో లేక తిరిగి రావడం, ఇవన్నీ పనే అయినా వీటికి ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు.

కాబట్టి లెక్కను నెలతో కాక ఏడాదితో మొదలుపెట్టండి. ఏడాదికి 52 వారాలు. పండుగలు, జ్వరాలు, పెళ్లిళ్లు, ఎవరూ పిలవని రోజులు తీసేస్తే 48 వారాలు అనుకుందాం. వారానికి ఐదు రోజులు బయట పని, ఒక రోజు ఇంటి దగ్గర పని. బయట ఉన్న రోజున హైదరాబాదు ట్రాఫిక్‌లో రెండు పియానోల కంటే ఎక్కువ చేస్తే చెవి అలసిపోతుంది, మూడో పియానోకు అన్యాయం జరుగుతుంది. అందుచేత రోజుకు నాలుగు గంటలు మాత్రమే డబ్బు తెచ్చే గంటలు. 48 వారాలు, ఐదు రోజులు, నాలుగు గంటలు: ఏడాదికి 960 గంటలు. ఇప్పుడు ఖర్చు చూడండి. ఇంటికి నెలకు 60,000, వృత్తికి నెలకు 14,000, అంటే పెట్రోలు, బండి అరుగుదల, పనిముట్లు, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, తీగల నిల్వ, ఫోను, బీమా. వృద్ధాప్యానికి, చేతికి దెబ్బ తగిలిన నెలకు అని 10,000 పక్కన పెట్టాలి. మొత్తం నెలకు 84,000, ఏడాదికి 10,08,000. దీన్ని 960తో భాగిస్తే గంటకు 1,050 రూపాయలు. రెండు గంటల ట్యూనింగుకు 2,100.

ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ ఇల్లు, మీ ఊరు, మీ అప్పులు వేరు కాబట్టి మీ అంకె వేరే వస్తుంది. కానీ పాత లెక్క ప్రకారం గంటకు మూడు వందలు తీసుకుంటే ఏమవుతుందో ఇదే కాగితం మీద చూడండి. 960 గంటలకు 2,88,000 వస్తుంది. అందులో వృత్తి ఖర్చు 1,68,000 పోతే 1,20,000 మిగులుతుంది, అంటే ఇంటికి నెలకు పదివేలు. అరవై వేలు వస్తాయని వేసుకున్న లెక్క పదివేల దగ్గర ఆగింది. రోజంతా తిరుగుతున్నా, అందరూ మెచ్చుకుంటున్నా, చేతిలో ఎందుకు నిలవడం లేదో నాకు మొదటి మూడేళ్లు అర్థం కాలేదు. తీరిక లేనంత పని ఉండటమే నా కళ్లు కప్పింది.

గంట రేటు వచ్చాక, పనికి ధర కట్టడం రెండో మెట్టు. కస్టమరుకు గంటల్లో చెప్పకండి. గంటకు ఇంత అంటే ఆయన గడియారం చూస్తారు, మీరు తొందరపడతారు. చేయి తిరిగినవాడు గంటన్నరలో ముగిస్తే తక్కువ, నేర్చుకునేవాడు మూడు గంటలు తీసుకుంటే ఎక్కువ రావడం కూడా న్యాయం కాదు. గంట మీ నోటుబుక్కులో ఉండాలి, బయటికి పని ధర రావాలి. అందుకు పనికి ఎంతసేపు పడుతుందో మీకు నిజంగా తెలియాలి. చాలామంది దీన్ని ఊహతో చెబుతారు. ఊహ ఎప్పుడూ తక్కువే చెబుతుంది, ఎందుకంటే సాఫీగా సాగిన రోజే మనసులో నిలుస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. ఒక గ్రాండ్ పియానోలో హ్యామర్ తీగకు ఎంత దగ్గరగా వచ్చి వెనక్కి జారాలో సర్దే పని ఉందనుకోండి. మొదట పది మీటలు చేసి గడియారం చూస్తాను. పదింటికి యాభై నిమిషాలు పట్టిందంటే మీటకు ఐదు నిమిషాలు. పియానోకు 88 మీటలు కాబట్టి 440 నిమిషాలు, అంటే ఏడు గంటల ఇరవై నిమిషాలు. మన 1,050 రేటున అది 7,700 రూపాయల పని. ‘ఒక పూటలో అయిపోతుందండి, మూడు వేలు ఇవ్వండి’ అని నోటి మాటగా చెప్పి ఉంటే, ముప్పయి అయిదో మీట దగ్గరే ఆ డబ్బుకు చెల్లు, మిగిలిన యాభై మూడు మీటలు ఉచితం. పైగా ఉచితంగా చేస్తున్నామన్న చిరాకు చేతిలోకి దిగి, పై సప్తకంలో పని పలచబడుతుంది. అది కస్టమరుకు కనిపించకపోవచ్చు, వాయించే పిల్లలకు తెలుస్తుంది.

ఇప్పుడు ఎక్కువ గొడవలు వచ్చే చోటికి వద్దాం. అది శ్రుతి పెంచడం. మన ఊరిలో చర్చిల్లో, కాన్వెంటు బడుల్లో ఏళ్ల తరబడి ట్యూనింగు ఎరగని అప్‌రైట్ (నిలువు) పియానోలు ఉన్నాయి. వేసవిలో గాలి ఎండిపోయి సౌండ్‌బోర్డు, అంటే తీగల ధ్వనిని పెంచే చెక్క పలక, కుంగుతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏటా ఈ ఊపిరి తీసుకోవడంలో తీగలు క్రమంగా కిందికి దిగుతాయి. మధ్యలోని ‘ఎ’ స్వరపు తీగకు 440 హెర్ట్జ్ ఉండాల్సిన చోట అర్ధస్వరంలో సగం, అంటే 50 సెంట్లు దిగి ఉన్న పియానోను తీసుకోండి. సుమారు 230 తీగల మొత్తం బిగువు 18 టన్నుల దాకా ఉంటుంది. బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 50 సెంట్లు పైకి తేవడమంటే ఆ చట్రం మీద దాదాపు ఒక టన్ను అదనపు లాగుడు ఎక్కించడం. మధ్యలో ఒక తీగను సరిచేసి పక్కదానికి వెళ్తే, బోర్డు వంగి ముందు సరిచేసినది మళ్లీ దిగుతుంది. అందుకే మొదటి చుట్టులో ఉండాల్సినదాని కంటే కొంత పైకి లాగి, అది దిగాక, రెండో చుట్టులో అసలు ట్యూనింగు చేస్తాం. ఇవి రెండు పనులు, వీటికి రెండు రుసుములు. ‘ట్యూనింగు అని పిలిచాం, అదనంగా ఎందుకు’ అని అడిగినప్పుడు ఈ టన్ను సంగతి నెమ్మదిగా చెప్పండి. నాకు తెలిసి ఈ మాట అర్థమయ్యాక డబ్బు గురించి వాదించినవారు లేరు. చెప్పకుండా బిల్లులో రాసినప్పుడు మాత్రం అందరూ వాదించారు.

ఇక్కడే నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక బడి హాల్లో ఉన్న పాత పియానో శ్రుతి పెంచుతుండగా మంద్రంలో రాగి చుట్టిన తీగ ఒకటి తెగింది. లోపలి ఉక్కు తీగ మేకు దగ్గర తుప్పు పట్టి ఉంది, నేను లాగకపోయినా ఆ ఏడాదిలో తెగేదే. కానీ తెగింది నా చేతిలో. పై స్వరాల మామూలు తీగ అయితే సంచిలో ఉన్న చుట్ట నుంచి కోసి అప్పటికప్పుడే వేయొచ్చు. రాగి చుట్టిన తీగ అలా దొరకదు. పాత ముక్కల కొలతలు తీసి, లోపలి తీగ మందం, చుట్టు మందం, చుట్టు మొదలైన చోటు రాసి పంపితే, దానికి తగినట్టు చేయించి తెప్పించాలి. వేశాక కొత్త తీగ వారాల తరబడి సాగుతూ దిగిపోతుంది కాబట్టి ఇంకా రెండు మూడు సార్లు వెళ్లి లాగాలి. బడివారు తెంచింది మీరే కదా అన్నారు. నేను ముందు ఏమీ చెప్పలేదు కాబట్టి వారిని తప్పుపట్టలేను. తీగ ఖర్చు, నాలుగు రాకపోకలు నామీదే పడ్డాయి. ఆ ట్యూనింగుకు నాకు వచ్చింది దానిలో సగం కూడా లేదు.

ఆ రోజు తరువాత నేను పియానో మూత తీసి, తుప్పు చూపించి, ఒక చిన్న కాగితం మీద ఇలా రాయించుకుంటున్నాను: ‘ఈ పియానోలో తీగలు పాతవి, తుప్పు పట్టినవి. శ్రుతి పెంచేటప్పుడు తెగవచ్చు. తెగిన ప్రతి తీగకు ఖర్చు, అమర్చే మజూరీ, తరువాతి రెండు రాకపోకలు వేరు. శ్రుతి పెంచకుండా ఉన్నచోటనే ట్యూన్ చేయించుకోవచ్చు.’ ఈ చివరి వాక్యం ముఖ్యం. ధర నచ్చని వ్యక్తికి తగ్గింపు ఇవ్వకుండా తక్కువ పని ఇవ్వడం అది. నాలుగు వేల పనిని రెండు వేలకు చేయకండి, రెండు వేల పని ఏమిటో చూపించండి. అప్పుడు బేరం మన విలువ మీద కాక పని పరిధి మీద సాగుతుంది, అందులో ఎవరికీ మొహమాటం ఉండదు.

విడిభాగాల సంగతి త్వరగా ముగిస్తాను. జర్మనీ నుంచి హ్యామర్లు తెప్పిస్తే సరకు ధర, రవాణా, దిగుమతి సుంకం మాత్రమే మన ఖర్చు అనుకోకండి. మాదిరి హ్యామర్లు కొలిచి పంపడం, డబ్బు ముందు కట్టి నెలలు వేచి ఉండటం, రంధ్రం కోణం ఒక డిగ్రీ తేడా వస్తే ఆ నష్టం మోయడం, ఇవీ మనవే. అందుకని విడిభాగాల మీద కొంత చేర్చడం తప్పు కాదు, దాచడమే తప్పు. పెద్ద పనికి సగం అడ్వాన్సు తీసుకుని రసీదు ఇవ్వండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే సేవలకు జీఎస్టీ నమోదు తప్పదు. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు.

దూరపు ఊళ్ల పనికి గంట లెక్క పనికిరాదు, రోజు లెక్క వేయాలి. విజయవాడ వెళ్లి వస్తే, పియానో దగ్గర రెండు గంటలే ఉన్నా, ఇక్కడ నాలుగు గంటల సంపాదన పోయింది. కాబట్టి ఆ రోజుకు 4,200, దానిమీద చార్జీలు, బస. ఒక్క ఇంటికి ఇది భారమే. అందుకే నేను అక్కడి సంగీత ఉపాధ్యాయులకు నెల ముందే తేదీ చెబుతాను, నాలుగైదు పియానోలు కూడితే ప్రయాణ ఖర్చు అందరికీ పంచి, పంచినట్టు ప్రతి బిల్లులోనూ రాస్తాను. విశాఖలో సముద్రపు గాలికి తీగలు, మేకులు తుప్పు పడతాయి కాబట్టి అక్కడ సమయం ఇంకొంచెం కలుపుకోవాలి. కచేరీ పనిలో కూడా ఇదే సూత్రం. ఉదయం ట్యూన్ చేసి, రిహార్సల్ తరువాత సర్ది, విరామంలో మళ్లీ చూడమంటే, చేయి పెట్టింది రెండు గంటలే అయినా రోజంతా వారిదే.

ఇక్కడ ఒకరు నిన్న అడిగారు, మనమందరం కలిసి ఊరంతటికీ ఒకే రేటు పెట్టుకుంటే ఈ బాధలు పోతాయి కదా అని. ఆ ఆలోచన వెనుక ఉన్న ఆవేదన నాకు తెలుసు. కానీ అది చేయకూడదు. మన దేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం, మూడో సెక్షన్, పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకునే ఒప్పందాన్ని హానికరమని భావిస్తుంది. పియానో వృత్తి బాగా వ్యవస్థీకృతమైన అమెరికాలోనూ అంతే. అక్కడ 1957లో రెండు సంఘాలు కలిసి పియానో టెక్నీషియన్స్ గిల్డ్ ఏర్పడింది. ఒక రాత పరీక్ష, ఒక ట్యూనింగ్ పరీక్ష, ఒక మరమ్మతు పరీక్ష నెగ్గినవారికి రిజిస్టర్డ్ పియానో టెక్నీషియన్ అన్న హోదా ఇస్తుంది. హోదా ఇచ్చినా, ఎవరు ఎంత తీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. 1975లో వర్జీనియా న్యాయవాదుల కనీస ఫీజుల పట్టికను ఆ దేశపు సుప్రీంకోర్టు గోల్డ్‌ఫార్బ్ కేసులో కొట్టివేసి, 1890 నాటి షెర్మన్ చట్టం విద్యావంతుల వృత్తులకూ వర్తిస్తుందని చెప్పింది. అంత పెద్ద వృత్తులే కాదు, ఒకరి శిష్యులను మరొకరు పిలుచుకోరాదన్న నియమం పెట్టుకున్న సంగీత ఉపాధ్యాయుల జాతీయ సంఘం కూడా, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరంతో 2014 నాటి ఉత్తర్వుకు కట్టుబడి ఆ నియమం వదులుకోవాల్సి వచ్చింది. మనం కలిసి చేయగలిగినది వేరే ఉంది. ఏ పనికి ఎంతసేపు పడుతోందో నిజాయితీగా రాసుకుందాం, లెక్క వేసే పద్ధతి కొత్తవారికి నేర్పుదాం. చివరి అంకె మాత్రం ఎవరి కాగితం మీద వారిదే.

తగ్గింపుల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పిలిచేవారికి నేను తక్కువ తీసుకుంటాను. ఆ పియానో ఎక్కువ దిగి ఉండదు, నా పని నిజంగానే తగ్గుతుంది. ట్రినిటీ సంగీత పరీక్షల ముందు వారం రాత్రికి రాత్రి రమ్మన్నవారి దగ్గర ఎక్కువ తీసుకుంటాను, ఆ పనికి ఇంకొకరి సమయం కదిలించాలి కాబట్టి. డబ్బు లేని చిన్న చర్చికి, జీతం మీద నడిచే టీచరుకు తగ్గించాలనిపిస్తే తప్పక తగ్గించండి. కానీ బిల్లులో పూర్తి ధర రాసి, కింద తగ్గింపు విడిగా చూపండి. అలా రాయకపోతే ఆ తగ్గించిన అంకే మీ రేటుగా నలుగురికీ చేరుతుంది, ఇచ్చింది సాయమని ఎవరికీ తెలియదు. రేటు పెంచే ముందు కూడా పాతవారికి ఒక విడత ముందే చెప్పండి: ‘అమ్మా, వచ్చే ఏప్రిల్ నుంచి 2,300 అవుతుంది.’ క్షమాపణలు, కారణాలు జోడించకండి.

చివరగా తనిఖీ రుసుము. ఏసీ మెకానిక్ ఇంటికి వస్తే విజిటింగ్ ఛార్జి అడుగుతాడు, జనం ఇస్తారు. మనం మాత్రం ‘ఊరికే చూసి చెప్తాను’ అంటాం. ఊరికే చూసినవాడికి డబ్బు రావాలంటే ఆ పియానోకు మరమ్మతు కావాల్సిందే. అలాంటివాడి నోటి నుంచి మరమ్మతు వద్దన్న మాట సులువుగా రాదు. మారేడ్‌పల్లిలో ఒక కుటుంబం వారి తాతగారి పాత ఇంగ్లీషు అప్‌రైట్‌ను బాగుచేయించాలని నన్ను పిలిచింది. వెనుక పలక విప్పితే చెదలు తిన్న పొడి దోసెడు రాలింది. ట్యూనింగ్ పిన్నులు చేతి వేళ్లకే తిరుగుతున్నాయి, వాటిని పట్టుకునే చెక్క నిలువునా చీలి ఉంది. గంటసేపు చూసి, ఏమేం పాడయ్యాయో రెండు పేజీలు రాసి, దీని మీద పెట్టే డబ్బుకు ఇంతకంటే మంచి వాడిన పియానో వస్తుంది, దీన్ని జ్ఞాపకంగా ఉంచుకోండి అని చెప్పాను. వారు బాధపడ్డారు. అయినా ఆ రోజు నా సంచిలో తనిఖీ రుసుము ఉంది కాబట్టి నా మాట మీద నాకు అనుమానం లేదు. ఎనిమిది నెలల తరువాత వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, కొనబోతున్న పియానో ఒకటి ఉంది, ముందు మీరు చూడాలి, తనిఖీకి ఎంత అవుతుంది అని తనే అడిగింది.